దిగిన నాగలి

మా అక్క ట్రాక్టరు నాగలి భూమిలోకి దిగి కూర్చుంది. పైకి రమ్మంటే రాదు. నాగలి లేవకపోయినా అక్క ఎత్తిపొడుపులు మాత్రం లేస్తూనే ఉన్నాయి. పడమటి వైపు ఆకాశం ముఖం నల్లగా పెట్టుకుంది. అసలే పల్లపు పొలం. గట్టి వాన పడితే చక్రాలు దిగబడతాయి, దిగబడితే దుక్కుల కాలమంతా బండి అక్కడే. అందరి పొలాలూ దున్ని బతికే అక్కకు మరో బండి లేదు. నాగలి విప్పి వదిలేద్దామంటే పిన్నులు తుప్పుపట్టి, సుత్తికి కూడా మర్యాద ఇవ్వలేదు.

"పంపు పోయింది," అన్నాడు బావ, ఇంజిన్ పక్క నుంచి తల బయటికి తీసి. ఆయిల్‌ని ఒత్తిడితో పంపి నాగలిని పైకెత్తే హైడ్రాలిక్ పంపు అది.

"పంపడం మానేసిన పంపుని మనమే పంపించెయ్యాలి బావా," అన్నాను. ఎవరూ నవ్వలేదు. వృథా పోవడం ఇష్టంలేక నేనే నవ్వుకున్నాను.

"ఈ పాత మోడల్‌కి కొత్త పంపు దొరకదు బామ్మర్దీ. పాత ఇనుము కింద ఇచ్చెయ్యడమే. ఒసేయ్, నా రుమాలేదే? నిన్నట్నుంచీ కనబడట్లేదు. చెమట కళ్ళల్లోకి కారుతోంది."

"మీ రుమాలుకి నేను కాపలానా? జరగండి ముందు."

అక్క ఇంజిన్ స్టార్ట్ చేసి దిగింది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన పంపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంది. దూరంగా ఉన్న నాకే కీచుమని వినిపించింది.

"అరిగిన పంపయితే రోజురోజుకీ నీరసపడుతుంది. ఇది పొద్దున శుభ్రంగా ఎత్తి, ఉన్నట్టుండి చతికిలబడింది. ఇది రోగం ఏడుపు కాదు, ఆకలి ఏడుపు. దీనికి ఆయిల్ అందట్లేదు."

"నిండా ఉందే! నేనే చూశా."

"గిన్నెలో ఉంటే సరా, కంచంలోకి రావద్దూ? నిన్న మీరేం విప్పారు?"

"పంపులోకి ఆయిల్ వచ్చే పైపు. సీలు మార్చి బిగించా. అంతే."

మొదటి చినుకు నా బట్టతల మీదే పడింది. ఖాళీ స్థలం కనబడితే ఎవరు వదులుతారు?

"బకెట్ పట్టరా!" అంటూ అక్క ఇంజిన్ ఆపి పైపు విప్పింది. ఆయిల్ బుస్సున దూకుతుందని కళ్ళు మూసుకున్నాను. చుక్క పడింది. ఆగి, ఇంకో చుక్క పడింది. పైన ఆకాశమే నయం, అంతకంటే ధారాళంగా ఉంది.

అక్క సన్నమూతి కటింగ్ ప్లయర్ లోపలికి దూర్చి లాగింది. నల్లటి గుడ్డ కొస ఒకటి వచ్చింది. ఆ వెనకే నీలం అంచు. ఆ వెనకే ఆయిల్, సగం బకెట్‌లోకి, సగం నా చొక్కా మీదికి.

బావ చెమట తుడుచుకోవడం మానేశాడు.

"విప్పినప్పుడు ఆయిల్ కారిపోకుండా రుమాలు కుక్కా. తర్వాత... తియ్యడం..."

ఆ రుమాలు పొద్దున్నుంచీ కొద్దికొద్దిగా లోపలికి జరిగి, ఇప్పుడు పూర్తిగా అడ్డం పడిందన్నమాట. అక్క తిట్టలేదు. తిట్టే తీరిక లేదు. తిట్టనందుకు మాకు ఇంకా భయమేసింది. పైపు బిగించింది, బకెట్‌లో ఆయిల్ వడకట్టి తిరిగి పోసింది, ఇంజిన్ స్టార్ట్ చేసి లివర్ లాగింది. నాగలి కదల్లేదు.

"చూశావా, పంపు..." అనబోయాడు బావ.

"గాలి పట్టింది. నోరు మూసుకుని ఆ పై నట్టు వదులు చెయ్యండి!"

నట్టు దగ్గర బుడగలు బుసబుసలాడాయి. బుడగలు పోయి ఉత్త ఆయిల్ రాగానే బావ బిగించాడు. అక్క మళ్ళీ లివర్ లాగింది. నాగలి వణికింది, మూలిగింది, మట్టి రాల్చుకుంటూ లేచింది.

వాన అందుకుంది. వెనక చక్రం ఒకచోట గిర్రున తిరిగి మా ప్రాణాలు తీసి, మళ్ళీ పట్టు దొరకబుచ్చుకుంది. మేమిద్దరం వెనకాల పరుగు. బండి గులకరాళ్ళ దారి ఎక్కాక గానీ అక్క ఆపలేదు.

"పంపు పోయిందన్నారు?" అంది సీటు మీంచే.

"నేనన్నది రుమాలు సంగతి," అన్నాడు బావ.

అక్క నవ్విందో లేదో వానలో తెలియలేదు. చెయ్యి మాత్రం లివర్ మీంచి తీయలేదు. మెడ తిప్పి నాగలి వైపే చూస్తోంది, వేలెడైనా కిందికి జారుతుందేమోనని.