ఆడవారికి తెలియరాదు

రామాలయం పక్కనున్న మీటింగు గది కడగడం ఆ వారం సింధూరి వంతు. కొల్లేటి లంకలోని ఆ ఊరి కట్టుబాట్లన్నీ మగవాళ్ళు ఆ గదిలోనే కూర్చుని చేస్తారు. ఆడవాళ్ళు కడుగుతారు, కూర్చోరు. వానకు కప్పు కారి బీరువా తడిసింది. "తీర్మానాల పుస్తకాలు ఎండలో పెట్టి సర్దెయ్యమ్మా" అని చెప్పి వెళ్ళారు ఊరి పెద్ద సూర్యప్రకాశరావు. ఆమె డిగ్రీ చదివిందన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

అంటుకుపోయిన కాగితాలు విడదీస్తుంటే ఆరేళ్ళ కిందటి తేదీ కనబడింది.

"ఊరి మగవారికి తాడేపల్లిగూడెంలో చేయించిన పరీక్షల ఫలితములు చదవడమైనది. నూట పద్దెనిమిది మందిలో ఒక్కరికీ సంతాన శక్తి లేదు. ఈ సంగతి ఆడవారికి తెలియరాదు. చెప్పినవారికి చెరువులో వాటా లేదు."

కింద సంతకాలు. పదకొండోది ఆమె భర్త సత్తిరాజుది. ఇంకొంచెం కింద, పక్కింటి యాకోబుది.

వాళ్ళు గూడెం వెళ్ళిన రోజు ఆమెకు గుర్తుంది. చేపల మేత కంపెనీ మీటింగని మగవాళ్ళంతా రెండు లారీల్లో వెళ్ళారు. వస్తూ సత్తిరాజు ఆమెకు గాజులు తెచ్చాడు. అప్పటికే ఎక్కడా పిల్లలు పుట్టక ఏడాది. ఇప్పటికి ఏడేళ్ళు. బడిలో మేత బస్తాలు వేశారు. ఏలూరులో పురుళ్ళ వార్డును, పిల్లల కోసం ఆడవాళ్ళకు వైద్యం చేసే సర్కారు కేంద్రం చేశారు. రోడ్డు మీద బియ్యం లారీలను దోచుకుంటున్నారని కేంద్రం బస్సుకు కూడా ముందొక పోలీసు జీపు, వెనకొక జీపు వస్తాయి. నలభై లోపు ఆడవాళ్ళు అందులో వెళ్ళి ఇంజక్షన్లు చేయించుకుని, కార్డు మీద ముద్ర వేయించుకుంటేనే ఇంటికి బియ్యం. సింధూరి అయిదు విడతలు వెళ్ళింది. నాలుగోసారి పొట్ట ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, మూడు వారాలు గోడకానుకునే నిద్రపోయింది. తెల్లారితే ఆ గోడ పట్టుకునే లేచి అన్నం వండింది. "గేదె ఈనింది, కోడి పొదిగింది, నీకేం వచ్చిందే?" అంది అత్త కనకమ్మ. "నీ ఒంట్లోనే ఏదో ఉందంట. ఈ ఒక్కసారికి ఓర్చుకో" అన్నాడు సత్తిరాజు. ఆ మాట అయిదుసార్లూ అన్నాడు. యాకోబు భార్య సలోమి మూడో విడతకే చనిపోయింది. సమాధి దగ్గర యాకోబు గోతిలోకి దూకబోతే నలుగురు పట్టుకున్నారు. ఆ మనిషి ఏడుపు చూసి సింధూరి కూడా ఏడ్చింది.

ఇవాళ ఆరో విడత. పదింటికి బస్సు.

ఇంటికి వచ్చేసరికి సత్తిరాజు గడ్డం గీసుకుంటున్నాడు.

"ఏవండీ, అప్పుడు గూడెం వెళ్ళింది దేనికి?"

"ఎప్పుడు?"

"నాకు గాజులు తెచ్చినప్పుడు."

కత్తి ఆగింది. "ఎవడు చెప్పాడు?"

"ఎవరూ చెప్పలేదండీ. ఎవరి వాటా పోదు. పుస్తకంలో మీ సంతకం చూశాను."

అతను నురగ తుడుచుకున్నాడు. "ఊరంతా కలిసి అనుకున్నది. నేనొక్కణ్ణీ ఏం చెయ్యను? తప్పు మా దగ్గరుందని తేలితే బస్సూ రాదు, బియ్యమూ రావు."

"సలోమి పోయినప్పుడైనా చెప్పొచ్చు కదండీ."

"అప్పుడు మళ్ళీ కూర్చున్నాం. యాకోబే వద్దన్నాడు. పోయిన మనిషి ఎలాగూ పోయింది, ఇప్పుడు నా పరువు తియ్యడమెందుకన్నాడు."

పొయ్యి దగ్గర కనకమ్మ చేతిలో గరిటె కదల్లేదు. కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది.

"మెల్లిగా మాట్లాడవే" అంది కోడలితో. "పక్కింటివాళ్ళు వింటారు."

రోడ్డు మీద హారన్ మోగింది. సత్తిరాజు గూట్లోంచి కార్డు తీసి సింధూరి చేతిలో పెట్టాడు.

"వెళ్ళొచ్చెయ్. తర్వాత మాట్లాడుకుందాం. ఇంట్లో బియ్యం అయిపోవచ్చాయి."

ఆమె కార్డు తీసుకుని వెళ్ళింది. బస్సు చుట్టూ ఇరవై ముప్పై మంది ఆడవాళ్ళు. సలోమి తోడికోడలు బ్లెస్సీ అప్పటికే మెట్టు మీద కాలు పెట్టి ఉంది. పోయిన నెల ఉబ్బిన పొట్ట ఇంకా తగ్గలేదు.

"రా అక్కా, నీకు కిటికీ పక్క సీటు ఆపమన్నాను."

సింధూరి ఎక్కలేదు. అందరికీ వినబడేలా అంది.

"మా ఆయన వల్ల పిల్లలు పుట్టరు. ఆ సంగతి ఆయనకు ఆరేళ్ళ కిందటే తెలుసు. మీ ఆయనకూ తెలుసు, బ్లెస్సీ. మీ బావగారికి కూడా, సలోమిని బస్సెక్కించకముందే తెలుసు."