సముద్రంలో పోసిన జాజికాయలు

పన్నెండేళ్ల కిందట తుఫాను వచ్చి కరీబియన్ దీవి గ్రెనడాలో కొండల మీది జాజికాయ చెట్లను కూకటివేళ్లతో పెరికేసినప్పుడు ఇస్మే మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు ముక్కు చీది కొత్త మొక్కలు నాటింది. అవి ఇన్నాళ్లకు విరగకాశాయి. మంచికాయలన్నీ ఒక బుట్టకెత్తుకుని, పడవెక్కి, ఒడ్డున ఉన్న హోటలు ముందు దిగింది. అక్కడి వంటమనిషి యూడోరా మెచ్చితే ఈ సీజనంతా ఇస్మే కాయలే కొంటుంది. లేకపోతే ఎప్పటిలాగే ఇస్మే మరిది కత్‌బర్ట్‌వి.

కత్‌బర్ట్ అప్పటికే అక్కడ తిష్ఠ వేసి ఉన్నాడు. జాజికాయలు, లవంగాలు గుచ్చిన దండలు మెడనిండా వేసుకుని టూరిస్టులకు అమ్మే మనిషి. నోటికి మాత్రం తాళం లేదు.

"జాగ్రత్త యూడోరా! లేతచెట్ల కాయలవి. పైకి నిగనిగ, లోపల తాలు."

"నీ బుర్రలాగానా మరిదీ?" అంది ఇస్మే.

యూడోరా ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించింది. "చప్పుడు బాగానే ఉంది పిన్నీ. తొట్టిలో నీళ్లు పోయించనా? గట్టివి మునుగుతాయి, తాలువి తేలతాయి."

"ఇంత సముద్రం పెట్టుకుని తొట్టెందుకే!" కోపం నషాళానికంటిన ఇస్మే మోకాళ్ల లోతుకు దిగి బుట్ట మొత్తం బోర్లించేసింది.

"అయ్యో వదినా, ఉప్పునీళ్లు కదా! మామూలు నీళ్లలో మునిగేవి కూడా ఇందులో తేలతాయి," అన్నాడు కత్‌బర్ట్, నవ్వు దాచుకోలేక.

ఆ సంగతి ఇస్మేకి అప్పుడు గాని తట్టలేదు. ప్రాణం ఉసూరుమంది. పన్నెండేళ్ల చాకిరీని తన చేతులతోనే నీళ్లపాలు చేసుకుంది!

ఈతకొచ్చిన వాళ్లంతా చుట్టూ మూగారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. కాయలన్నీ అడుగున తెల్లటి ఇసుక మీద బుద్ధిగా పడుకున్నాయి. కత్‌బర్ట్ నమ్మలేక నీళ్ల అంచున నిలబడి, నడుం వంచి వెతికాడు.

"అదిగో తేలింది!" అని అరిచాడు.

నిజంగానే ఒకటి తేలుతోంది. ఇస్మే కళ్లు మూసుకుంది. యూడోరా దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నడుమ చిల్లు, చిల్లులోంచి వేలాడుతూ ఎర్రదారం ముక్క.

"మీ చెట్టుకి కాయలు దారంతో సహా కాస్తాయా పిన్నీ?"

అందరి చూపూ కత్‌బర్ట్ మెడలో తెగిన దండ మీద పడింది. ఒడ్డంతా గొల్లున నవ్వింది.

"రేపట్నుంచి కాయలు మీరే పంపండి పిన్నీ," అంది యూడోరా.

ఇస్మేకి కన్నీళ్లాగలేదు. అయినా నోరు ఊరుకుంటుందా? "నిలబడి చూస్తావేం మరిదీ? దిగి నా కాయలు ఏరిపెట్టు."

పాపం, దండలతోనే దిగి, మెడ దాకా వంగి ఏరసాగాడు. మెడలోని జాజికాయలు ఒక్కటీ మిగలకుండా గడ్డం చుట్టూ తేలాయి.