రాతి మీద మోపిన నేరం

తార్నాక రైలుకట్ట అవతలి బస్తీలో బావినీళ్ళు పసుపు కలిపినట్టు పచ్చబడి రెండేళ్ళయింది. అర్జీ మీద అర్జీ పెట్టగా, పందొమ్మిది వందల అరవై ఎనిమిది చలికాలంలో ఒక ఆఫీసరు జీపులో దిగాడు. బావిగట్టున నిలబడి కాగితం చదివాడు. నీళ్ళ రంగుకు కారణం భూమి లోపలి రాయేనట. రాయి గుణమట. బస్తీకి ఎగువన, తోళ్ళు పదును పెట్టే పచ్చ ఉప్పు తయారుచేసే సుందరరావు కార్ఖానాకూ దీనికీ ఏ సంబంధమూ లేదట.

“గట్లయితే ఒక్క గుక్క తాగు సారూ,” అంటూ డెబ్బై ఏళ్ళ బుచ్చవ్వ గిలాసలో నీళ్ళు ముంచి ఎదురెళ్ళింది.

ఆఫీసరు వెనక్కి జరిగాడు. పక్కనున్న కార్ఖానా చౌకీదారు ముసలమ్మను ఒక్క తోపు తోశాడు. ఆమె గట్టురాయి మీద పడింది. తుంటి విరిగిన చప్పుడు అందరికీ వినబడింది.

“దీన్ని రాసిచ్చింది యూనివర్సిటీ ప్రొఫెసర్ సోమయాజులుగారు. ఇంక మాట్లాడటానికేం లేదు,” అని ఆఫీసరు జీపెక్కాడు.

అత్త తలను ఒళ్ళో పెట్టుకున్న సమ్మక్కకు ఆ పేరు చెంపదెబ్బలా తగిలింది. పన్నెండేళ్ళుగా ఆమె పనిచేస్తున్నది ఆ సోమయాజులు లాబ్‌లోనే. ఊడ్వడం, గాజుసీసాలు కడగడం, ఇనుపరోట్లో రాళ్ళు దంచడం ఆమె పని. నల్లకుంట, విద్యానగర్, అంబర్‌పేట, తార్నాక బావుల నుంచి నీళ్ళూ మన్నూ రాళ్ళూ మూడేళ్ళుగా ఆ లాబ్‌కు వస్తున్నాయి. ఆ రాళ్ళన్నీ పొడి చేసింది ఆమె చేతులే.

మర్నాడు చీపురు ముట్టకుండా నేరుగా ప్రొఫెసరు గదిలోకి వెళ్ళింది.

“సారూ, మా బాయి కింది రాయి నేనే దంచిన. తెల్లటి పొడి. కడిగిన నీళ్ళు గూడ తెల్లగనే ఉండె. మరి పచ్చ యాడికెళ్ళి వచ్చింది?”

“ఇవి నీకు అర్థమయ్యే సంగతులు కావు సమ్మక్కా. వెళ్ళి పని చూసుకో.”

“నా ఇంటోడు గా కార్ఖానల ఆరేండ్లు చేసిండు. గా ఉప్పు ఆయన ముక్కుదూలం తిన్నది. ఈ రంధ్రంల పుల్ల పెడితే ఆ రంధ్రంలకెళ్ళి వస్తది. గది గూడ రాయి గుణమేనా?”

సోమయాజులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “సుందరరావుగారు యూనివర్సిటీ పెద్దల్లో ఒకరు. ఈ డిపార్ట్‌మెంటు బతకాలంటే ఆయన మాట కావాలి. నేను సైన్సు మనిషిని. నన్ను మీ గొడవల్లోకి లాగకు.”

“మేమేడ లాగినం సారూ? మా బాయికాడ మీ పేరే జదివిండ్రు.”

ఆమె మెట్లు దిగుతుంటే వెనకనుంచి లలిత పరుగున వచ్చింది. అనంతపురం నుంచి వచ్చి సోమయాజులు దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల.

“అక్కా, ఆ నీళ్ళు పరీక్ష చేసింది నేనే. అది క్రోమియం విషం, కార్ఖానా పచ్చ ఉప్పులో ఉండేదే. కార్ఖానా నీళ్ళు పారే వాగులో పేరుకున్న ఒండ్రును నిలువునా కోసి పొరపొరా చూసినా. కార్ఖానా రాకముందటి పొరల్లో విషం లేదు. వచ్చినాక పేరుకున్న పైపొరల్లోనే ఉంది. అంతా రాసిచ్చినా. సారు ఆ పేజీలు తీసేసి సంతకం పెట్టినాడు.”

“మరి నువ్వెందుకు సప్పుడు చెయ్యలే?”

“నా డిగ్రీ ఆయన చేతిలో ఉంది కదక్కా.”

“మా పానం గూడ ఆయన చేతులనే ఉండె బిడ్డా.”



ఐదోరోజు తెల్లవారుతుండగా బుచ్చవ్వ ప్రాణం పోయింది. పాడె లేచింది. శ్మశానం మలుపు దగ్గర సమ్మక్క అడ్డం నిలబడింది. “గిటు గాదు. యూనివర్సిటీకి.”

“శవంతోని పంచాయితా?” అన్నారు కులపెద్దలు.

ముందు కొమ్ము మోస్తున్న బుచ్చవ్వ కొడుకు, సమ్మక్క పెనిమిటి వెంకటేశం తిరిగాడు. దూలం పోయిన ముక్కుతో అతని మాట గుహలోంచి వచ్చినట్టుంటుంది. “అమ్మను సంపినోళ్ళకు అమ్మను సూపియ్యాలె. నడువుండ్రి.”

బస్తీ బస్తీ కదిలింది. క్లాసుల్లోంచి విద్యార్థులు బయటికొచ్చారు. డిపార్ట్‌మెంటు మెట్ల మీద పాడె దించి, సమ్మక్క జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆమె చెప్పడం పూర్తయ్యేసరికి లలిత గాజుగొట్టాల పెట్టెతో తలుపు దాటి వచ్చి పాడె పక్కన కూర్చుంది.

హాస్టల్ విద్యార్థి లక్ష్మయ్య ముందుకొచ్చాడు. “ఈమె గైర్‌ముల్కీ. బయటికెళ్ళి వచ్చినామె మాట మనమెట్ల నమ్మాలె?”

“గా విషం మా ముక్కులు తినేటప్పుడు ముల్కీవా అని అడిగిందా తమ్మీ? ఆమె మాట నమ్మకు. నీ కండ్లతోని సూడు,” అంది సమ్మక్క.

బస్తీ రాయి పొడి కడిగిన నీళ్ళలో లలిత మందుచుక్కలు వేసింది. నీళ్ళు తేటగా ఉండిపోయాయి. బావినీళ్ళలో అవే చుక్కలు వేసింది. గొట్టం నిండా నేరేడుపండు రంగు కమ్ముకుంది. లక్ష్మయ్య దాన్ని చేతిలోకి తీసుకుని అందరికీ కనబడేలా పైకెత్తాడు. జనం గొంతు ఒక్కసారిగా లేచింది. పైన సోమయాజులు కిటికీ మూసుకుంది.

“వైస్‌ఛాన్స్‌లర్‌కు మెమొరాండం ఇద్దాం,” అన్నారెవరో.

“ఏడు అర్జీలు పెట్టినం. ఏడింటికి రాయే జవాబు,” అంది సమ్మక్క. “ఇగ రాళ్ళతోనే మాట్లాడుదాం.”

కుర్రాళ్ళు అప్పుడే రాళ్ళకు వంగారు. ఆమె ఆపింది. “ఇసిరితె ఒక్క అద్దం పలుగుతది. పేరిస్తె కార్ఖాన తూము మూసుకుంటది.”

బుచ్చవ్వకు నిప్పు పెట్టి అటునుంచి అటే కార్ఖానాకు నడిచారు. విషపునీళ్ళు వాగులోకి దూకే తూము దగ్గర ఆడవాళ్ళూ విద్యార్థులూ బారులు తీరారు. రైలుకట్ట కింది బండలు చేతి నుంచి చేతికి నడిచాయి. గోనెసంచుల్లో మన్ను నింపి సందులు పూడ్చారు. గంట తిరక్కుండా పచ్చనీళ్ళు వెనక్కి తన్నాయి. కార్ఖానా వాకిలి నిండింది. కారు చక్రాలు మునిగాయి. ఆవరణలోనే ఉన్న బంగళా మెట్లనూ, పక్కనున్న బావినీ నీళ్ళు చుట్టుముట్టాయి.

సుందరరావు పంచె ఎగగట్టి వరండాలోంచి నీళ్ళలోకి ఉరికాడు. “తియ్యండ్రా! అది విషంరా! మా ఇంటిల్లిపాదీ ఆ బావినీళ్ళే తాగుతాం!”

గేటు లోపల పనివాళ్ళు విన్నారు. గేటు బయట బస్తీ విన్నది.

“ఏం భయం దొరా? రాయి గుణమే గదా!” అని అరిచింది సమ్మక్క. ఆ దొర మోకాళ్ళ లోతు పచ్చనీళ్ళలో నిలబడి వణకడం ఆమె కళ్ళారా చూసింది. ఐదురోజుల కడుపుమంట చల్లారలేదు. అతను ముక్కు దాకా మునిగినా చల్లారదని ఆమెకు తెలుసు.

పోలీసు లారీలు వచ్చాయి. లాఠీలు లేచాయి. వెంకటేశం తల పగిలింది. సమ్మక్క మోచెయ్యి విరిగింది. అంతదాకా చూస్తూ నిలబడ్డ పనివాళ్ళు గేటు దూకి వచ్చి కొట్టేవాళ్ళకు అడ్డం పడ్డారు. సమ్మక్కతో సహా పదిహేనుమంది ఆడవాళ్ళను, వాళ్ళతోపాటు లలితను ఈడ్చుకుపోయి లాకప్పులో తోశారు. సాయంత్రానికి లలిత పరిశోధన రద్దయింది, సమ్మక్క కొలువు ఊడింది.

మర్నాడు లక్ష్మయ్య లాకప్పు కిటికీ దగ్గరికొచ్చి చెప్పాడు. పొద్దటి పాళీకి ఒక్క పనివాడూ లోపలికి పోలేదు. తూములో రాళ్ళు తియ్యమంటే కూలీ ఎవరూ దొరకలేదు. డిపార్ట్‌మెంటు ముందర నల్లకుంట నుంచి, విద్యానగర్ నుంచి జనం సీసాల్లో నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు.

లలిత గోడకు ఆనుకుని, ఆ పరీక్ష ఎలా చెయ్యాలో ఆడవాళ్ళకు మొదటినుంచీ చెప్పసాగింది. పహరా కాస్తున్న నడివయసు కానిస్టేబులు కాసేపు విని, చువ్వల దగ్గరికి వచ్చాడు.

“మాది అంబర్‌పేట బిడ్డా. నాలుగు నెల్లసంది మా బాయి గూడ పచ్చగైంది. జర సూసి చెప్తవా?”

లలిత కంటే ముందు సమ్మక్క లేచింది. వాచిన చెయ్యి కొంగుతో కట్టుకుని చువ్వల దాకా వచ్చింది.

“సూస్తది. శీశల నీళ్ళు వట్కరా. గానీ నిన్న నా చెయ్యి ఇరగ్గొట్టిన లాఠీ గాడ పారేసి రా.”

లాకప్పులోని పదహారుమంది ఆడవాళ్ళూ లాఠీ పట్టుకున్న కానిస్టేబులు కుడిచేతి వైపే చూస్తూ నిలబడ్డారు.