బావ మైకు ఆపేశాక

"మతిమరుపంతా వయసువల్లే కాదు, డిమెన్షియా కావచ్చు. దాచకండి, చూపించండి." ఈ మాటలు రాసింది నేనే. టీవీకి, రేడియోకి, బస్టాపుల్లో బోర్డులకి కలిపి ఒక ఆసుపత్రి చేయిస్తున్న నెలరోజుల ప్రచారం. అందులో ఒక నిమిషం ఫిల్ము తీసి, కత్తిరించి ఇవ్వడం నా పని.

నటులొద్దు, మామూలు భార్యాభర్తలు కావాలన్నారు ఆసుపత్రివాళ్లు. ఇంకెక్కడ వెతకను? మా అక్కనీ బావనీ కూర్చోబెట్టాను. అక్కకి యాభై ఎనిమిది. పాతికేళ్లు బళ్లో లెక్కలు చెప్పింది. బావ సంగతి చెప్పక్కర్లేదు, నోరు తెరిస్తే మూతపడదు.

ఇద్దరి కాలర్లకీ చెరో మైకు పెట్టాను. తీరా ఎడిటింగ్‌కి కూర్చుంటే తల వాచిపోయింది. అక్క ప్రతి మాటకీ ముందు బావ గొణుగుడే. షూటింగులో ఎదురుగా ఉండి కూడా అదంతా ఆయన చాదస్తమే అనుకున్నాను. "ఈ మహానుభావుడు అక్కనొక్క ముక్క మాట్లాడనివ్వడు కదా!" అని తిట్టుకుంటూ ఆయన మైకు ఆపేశాను.

అక్క గొంతొక్కటే మిగిలింది.

పెళ్లయి ఎన్నేళ్లని నా ప్రశ్న. అక్క నవ్వింది. నవ్వుతూనే ఉంది. ఐదు సెకన్లు, ఆరు. అప్పుడు, "ముప్పై మూడేళ్లు." అమ్మాయి ఏం చదివింది? మళ్లీ నవ్వు. చూపు పక్కకి. "నర్సింగు."

ఈసారి అక్క మైకు ఆపి, బావది పెట్టాను. ముప్పై మూడు. నర్సింగు. మనది రెండో అంతస్తు. అన్నీ ఆయన గుసగుసలే. అక్క సొంతంగా చెప్పింది ఒక్కటంటే ఒక్కటి లేదు.

బావకి ఫోన్ చేశాను. "ఎన్నాళ్లనుంచి బావా?"

ఎప్పుడూ వేసే జోకు వెయ్యలేదాయన. "రెండేళ్లయిందమ్మా. తనకి తెలీదు. తెలిస్తే కుంగిపోతుందని నేనే కప్పెట్టుకొస్తున్నా," అన్నాడు.

నోట్లో నువ్వుగింజ నానని మనిషి, రెండేళ్లు! ఒళ్లు మండిపోయింది.

"డాక్టరుకి చూపించకుండా పక్కన కూర్చుని అందిస్తున్నారా? మీకసలు బుద్ధుందా?" అని అరిచాను. జన్మలో ఆయన్నంత మాట అనలేదు. అన్నాక నామీద నాకే అసహ్యమేసింది. లోకానికంతా చెప్పబోయాను, సొంత అక్కని కనిపెట్టలేకపోయాను.

"ఫోన్ అక్కకివ్వండి."

"ఎందుకే అలా అరుస్తావు? ఇంతదూరం వినిపిస్తోంది." అక్క గొంతు మామూలుగానే ఉంది. "ఆయన్నేమీ అనకు. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నాకేదో అవుతోందని. బయటపడితే మీ బావ గాభరా పడతారని తెలీనట్టే ఉన్నా. ఆయన అందిస్తున్నారు, నేను అంటున్నా."

ఫోన్లో ఏదో కుర్చీ కిర్రుమంది. బావ ఏడుస్తున్నాడు.

"నన్ను ఆ... అదేనే, ఆయన... మందులు రాస్తాడే..."

బావ అందించలేదు. నేను అందించబోయి పెదవి కొరుక్కున్నాను.

"ఎవరో ఒకరిలే," అంది అక్క. "నువ్వు తీసుకెళ్లవే. మీ బావకి ధైర్యం చాలదు."