కెల్సోలో ఒక గంట

“నీకు సెలవులు బోలెడున్నాయి కదా, ఊరికే పోతాయి, వాడేసుకో” అన్నాడు మా ఆయన ఫిలిప్, నేను గోంగూర పచ్చడికి తాలింపు పెడుతుంటే.

మా ఆడపడుచు ఎస్తేరు స్కాట్లాండులో, కెల్సో అనే పాత సంత ఊళ్ళో నర్సు. కొడుకు పుట్టి రెండు నెలలైంది. అత్తయ్య అమలమ్మ, ఫిలిప్, నేను బయల్దేరాం. విజయవాడలో మా భవానీపురం చర్చి వాళ్ళందరికీ ఫిలిప్ చెప్పిన మాట, “మా శాలినికి స్కాట్లాండు చూపిద్దామనండీ.” నేనూ నమ్మాను. బెంజ్ సర్కిల్ దగ్గర మా బీమా ఆఫీసులో క్యారేజీ ముందు పెట్టుకుని ఫోనులో ఆ ఊరి ఫొటోలు చూసుకునేదాన్ని. తొమ్మిది వందల ఏళ్ళ నాటి క్రైస్తవ సన్యాసుల మఠం గోడలు, రాళ్ళు పరిచిన సంత చౌకు, రెండు నదులు కలిసే చోటు. “మీకేంటండీ, అదృష్టవంతులు” అని పక్క సీటు రుచిత అంటే సిగ్గుపడ్డాను కూడా.

వెళ్ళిన మర్నాడే తెలిసింది. ఎస్తేరు భర్త సొలొమోను కారులో ముందు అతనూ ఫిలిప్పూ, వెనక అత్తయ్య, ఎస్తేరు. “పిల్లాడికి చలిగాలి పడదు వదినా, నువ్వుంటే నాకు బెంగుండదు” అంది ఎస్తేరు. “నువ్వు రేపు వద్దువుగానిలే” అన్నాడు ఫిలిప్. ఆ రేపు రాలేదు. పొద్దున్నే లేచి వాళ్ళకి పులిహోర, చపాతీలు కట్టివ్వడం, బిడ్డకి స్నానం, సీసాపాలు, బట్టలు, సాయంత్రానికి మళ్ళీ వంట. వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగారు, మెల్రోజ్ చూశారు, జెడ్‌బరో చూశారు, ఫ్లోర్స్ కోట చూశారు. వచ్చి సోఫాలో కూలబడి “అబ్బ, నడవలేక చచ్చాం, కాస్త టీ పెట్టవూ” అనేవాళ్ళు. అలసిపోయే హక్కు కూడా చూసొచ్చిన వాళ్ళకే ఉంటుంది కాబోలు. నాకు కనిపించేది వంటింటి కిటికీలోంచి పక్కింటి వాళ్ళ తడి బట్టలు. విజయవాడలో నా వంటింటి కిటికీలోంచి కనబడేదీ అదే. మరి ఇంత దూరం విమానమెక్కి ఎందుకొచ్చినట్టు?

తిరుగు ప్రయాణానికి ముందు రోజు నాకు ఊరు చూపిస్తామన్నారు. చీర కట్టుకుని, పైన కోటు వేసుకుని కూర్చున్నాను. అత్తయ్యకి ఎడిన్‌బరోలో స్వెటర్లు కొనాలని గుర్తొచ్చింది. “ఈ ఊళ్ళో ఏముందే, రాళ్ళేగా. మేం వచ్చేసరికి బిర్యానీ చేసి ఉంచు” అంది. ఫిలిప్ నా కోటు వైపు చూసి, తలుపు వేసుకుని వెళ్ళాడు.

బియ్యం కడిగి నానబోశాను. పొయ్యి వెలిగించబోయి ఆగిపోయాను. పిల్లాడికి దళసరి దుప్పటి చుట్టి, పిల్లల తోపుడు బండిలో పడుకోబెట్టి బయటికి నడిచాను.

ఊరి నడిబొడ్డు ఇంటికి అంత దగ్గరని అప్పుడే తెలిసింది. చౌకులో రాళ్ళ మీద బండి గడగడమంటుంటే వాడు హాయిగా నిద్రపోయాడు. మఠంలో పైకప్పు లేదు. గోడల మధ్య తలెత్తితే ఆకాశమే. మా చర్చిలో ఆడవాళ్ళ వైపు కూర్చుని చేసిన ప్రార్థనలన్నీ ఎవరి ఆరోగ్యానికో, ఎవరి ఉద్యోగానికో. నాకంటూ ఏమడగాలో అక్కడ నిలబడి ఎంత ఆలోచించినా తోచలేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది. వంతెన దగ్గర ట్వీడ్ నది మన బందరు కాలువకి కాస్త పెద్దక్కలా ఉంది. బెంచీ మీద ఒక ముసలావిడ జరిగి చోటిచ్చింది. ఆవిడ యాస రెండోసారికి గానీ అర్థం కాలేదు. ఎప్పుడొచ్చావని అడుగుతోంది.

“ఇవాళే” అన్నాను.

నేను తిరిగొచ్చేసరికి వాళ్ళు గుమ్మంలో ఉన్నారు. వర్షమని మధ్యలోనే వెనక్కొచ్చారట. ఎస్తేరు బిడ్డని లాక్కుంది. “ఊరు కాని ఊళ్ళో చెప్పకుండా ఎలా వెళ్తావ్? బుద్ధుందా?” అన్నాడు ఫిలిప్. ఊరు చూపించడానికి తీసుకొచ్చిన మనిషే. విజయవాడ చేరేదాకా నాతో మాట్లాడలేదు.

వచ్చాక ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టాడు. టీవీలో ఫొటోలు వేసి ఒక్కో కోట గురించీ చెబుతున్నాడు. నేను బజ్జీల పళ్ళెం తెచ్చేసరికి పాస్టరమ్మ మాణిక్యమ్మగారు, “శాలినీ, ఒక్క ఫొటోలోనూ లేవేంటమ్మా?” అంది.

“వాటిల్లో నేను లేనండీ. వాళ్ళు ఊళ్ళు చూశారు, నేను వండిపెట్టాను.”

ఫిలిప్ గట్టిగా నవ్వాడు. అత్తయ్య అందుకుంది. “జూన్‌లో మళ్ళీ వెళ్తుందిగా, అప్పుడు చూస్తుందిలెండి. ఎస్తేరు డ్యూటీలో చేరుతోంది. ఇంట్లో ఓ మనిషి ఉండాలి కదా.”

జూన్ సంగతి నాకు తెలియడం అదే మొదలు.

“మనిషిని పెట్టుకోమనండి అత్తయ్యా. నేను వెళ్ళను” అన్నాను. పళ్ళెం బల్ల మీద పెట్టి, మాణిక్యమ్మగారి పక్క కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ బజ్జీలు ముట్టుకోలేదు.

మర్నాడు ఆఫీసులో ఉండగా ఫిలిప్ ఫోన్ చేశాడు. “వీసాకి పెట్టాలి, నీ పాస్‌పోర్టు నా బీరువాలో లేదేంటి? ఎక్కడుంది?”

“నా దగ్గరుంది” అన్నాను.