రెండో స్కేలు

బ్యాంకు కొలువులో అంకెలకు లోకరీతి పట్టదు. రైల్లో ఫస్టు క్లాసు గొప్ప, బళ్ళో ఫస్టు మార్కు గొప్ప. బ్యాంకులో మాత్రం ఒకటో స్కేలు ఆఫీసరు కన్నా రెండో స్కేలు ఆఫీసరు పెద్ద. ఈ వింత కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఇంటికెళ్ళి తల్లికి చెప్పుకోవలసిన అవసరం పడినవాడు కాడు.

డెబ్బై తొమ్మిదిలో పాత హోదాలు తీసేసి ఆఫీసర్లందరినీ స్కేళ్ళలో సర్దారు. గుడివాడ బ్రాంచికి పెద్ద, అప్పటి మాటలో ఏజెంటు, నిజాముద్దీన్‌కు ఆ రోజుల్లో అన్నం సయించలేదు. డెబ్బై ఏడు ఉప్పెన నాటికి అతను దివిసీమ బ్రాంచిలో ఉన్నాడు. పట్టాలూ పాసుపుస్తకాలూ నీళ్ళపాలైన రైతులకు, మనిషిని చూసి అప్పులిచ్చాడు. పై ఆఫీసు సంజాయిషీ అడిగింది. ఇచ్చుకున్నాడు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు ఒకటో స్కేల్లో పడేశారంటే తప్పు చేశావని ముద్ర వేసినట్టే.

చివరికి కవరు వచ్చింది. రెండో స్కేలు, మేనేజరు. గుండెల మీంచి బరువు దిగి, ఆదివారం బందరు వెళ్ళి తల్లి ఖైరున్ బీకి చెప్పాడు.

"ఏజెంటు ఉద్యోగం తీసేశారా?" అంది ఆవిడ.

"తీసేసి మేనేజరుని చేశారమ్మా. రెండో స్కేలు."

"మరి ఒకటోది ఎవరికిచ్చారు?"

"నా కింద వాళ్ళకి."

"అమ్మ దగ్గర కూడా దాస్తావా బేటా," అని ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఎంత చెప్పినా వినలేదు. ఆ దుఃఖం పక్కింటికి పాకి, అక్కణ్ణుంచి దివిసీమ వైపు వెళ్ళే చల్లపల్లి బస్సెక్కింది. ఆ వారంలోనే ఒక పొద్దున నిజాముద్దీన్ వచ్చేసరికి బ్యాంకు మెట్ల మీద దివిసీమ రైతులు కూర్చుని ఉన్నారు. అందరివీ ఉతికిన బట్టలు, ఒళ్ళో చద్దిమూటలు.

"మావల్ల మిమ్మల్ని రెండోదానికి దించారంట గదండీ," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు కోటిలింగం, తల వంచుకుని. "పై ఆఫీసు ఎక్కడో చెప్పండి. రైలెక్కి వెళ్ళొస్తాం."

"వెళ్ళి ఏం చెబుతారు?"

ఎస్తేరు లేచి నిలబడింది. ఉప్పెనలో మొగుణ్ణీ గొడ్లనూ పోగొట్టుకుని, అతనిచ్చిన అప్పుతో మళ్ళీ సేద్యం మొదలుపెట్టిన మనిషి.

"చెప్పేదేముందండీ. మా కాయితాలు కొట్టుకుపోతే మీరు మా మొహాలు చూసి ఇచ్చారు. ఆళ్ళకీ మా మొహాలే చూపిద్దామని."

నిజాముద్దీన్ వాళ్ళ పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. తాను ఇచ్చింది బ్యాంకు సొమ్ము. వీళ్ళు పనులు మానుకుని, ఊరూ పేరూ తెలియని ఆఫీసుకు బయల్దేరింది తన కోసం. ఇంతటి ఆదరానికి తానేం చేశానని కళ్ళు చెమర్చాయి.

కాస్త తేరుకుని అసలు సంగతి చెప్పాడు. కోటిలింగం అనుమానంగా చూశాడు. "ఒకటి కన్నా రెండు పెద్దేంటండీ? మా మనసు కష్టపెట్టకూడదని అంటున్నారు గానీ."

"ఒట్టు. పై ఆఫీసుకి అక్కర్లేదు గానీ, మీ మొహాలు చూపించాల్సిన చోటు ఇంకొకటుంది," అని సెలవుచీటీ రాసిచ్చి, వాళ్ళతోపాటు బందరు బస్సెక్కాడు.

ఖైరున్ బీ వాళ్ళను చాప మీద కూర్చోబెట్టి, ఎస్తేరు చెప్పిందంతా వింది.

"వీళ్ళంతా నీకోసం రైలెక్కబోయారా?"

"అవునమ్మా."

ఆవిడ లేచి, ప్రహరీగోడ దగ్గరికెళ్ళి పక్కింటావిడను పిలిచింది.

"మావాడికి పెద్ద ఉద్యోగమే ఇచ్చారమ్మా. నాకే తెలియలేదు. ఓ రెండు చెంబులు పాలుంటే ఇట్లా ఇవ్వు, ఇంటినిండా చుట్టాలొచ్చారు."