రెండు వందల పన్నెండో చీటీ

మనుషులు ఫేస్‌బుక్‌లో పెట్టే ఫొటోలను, రాసే మాటలను బట్టి ఎవరు ఏ ఊరికి పోతున్నారో, ఎప్పుడు తిరిగొస్తున్నారో చెప్పొచ్చని నమ్మి నాలుగేళ్లు గడిపినదాన్ని నేను. వరంగల్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నా పరిశోధన అదే. దూరప్రయాణాలు చేసే ఆరు వందల మందిని బతిమాలి, వాళ్ల పోస్టులు చూసేందుకు సంతకాలు తీసుకున్నాను. ఎవరి గుట్టూ బయటపడకూడదని పేర్లు తీసేసి నంబర్లు ఇచ్చాం. తారీఖులు కూడా తీసేసి నెల మాత్రం ఉంచాం. ఎవరి నంబర్ చీటీ వాళ్ల దగ్గరే ఉంటుంది.

అలాంటి చీటీ ఒకటి పట్టుకుని నవంబర్ ఆఖర్లో సోమక్క నా టేబుల్ ముందు నిలబడింది. మా ల్యాబ్ ఊడ్చేది ఆమే. ఉండేది కొత్తవాడలో. భర్త మొగిలి సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తాడు. పండుగకు ఇంటికొచ్చి, నెల మొదట్లో మళ్లీ వెళ్లాడు.

"పదిహేను రోజులాయె యమునమ్మా, ఫోన్ కలుస్తలేదు. రూముల ఉండేటోళ్లను అడిగితే పనికని పోయిండు, మళ్ల రాలే అంటాండ్రు. మా మరిది కట్టయ్య రేపు నవజీవన్ రైలుకు సూరత్ బయల్దేరుతాండు. నీ కంప్యూటర్ల జర చూడు బిడ్డా, ఏడున్నడో."

భర్త పేరు నోటితో చెప్పదు. అతను ఇంట్లో దాచిపోయిన చీటీ నా ముందు పెట్టింది. 212.

చెప్పకూడదు. ఎవరి వివరాలూ చెప్పనని సంతకం పెట్టింది నేనే. కానీ ఆమె అప్పటికే కొంగుతో నా కంప్యూటర్ తెర తుడుస్తోంది. పైగా నా ప్రోగ్రామ్ ఎంత గొప్పదో ఒక్కరికైనా చూపించాలన్న యావ నాకూ ఉంది, అబద్ధమెందుకు? నంబర్ కొట్టాను. 'నవంబర్. వరంగల్. తిరుగు ప్రయాణం' అని వచ్చింది.

"వచ్చిండు సోమక్కా! ఈ నెలలనే వరంగల్ల దిగిండు."

ఆమె ముఖం వెలిగి, వెంటనే ఆరిపోయింది. "దిగితే ఇంటికి రావాలె గద. మరి ఏడికి పోయిండు?"

పోలీసులకు కాగితం పెడదామన్నాను.

కట్టయ్య టికెట్ రద్దు చేసుకున్నాడు. పోలీసులకు ఇచ్చిన కాగితంలో 'వరంగల్ చేరినట్టు తెలిసింది' అని రాసిపెట్టింది కూడా నేనే. దాంతో సూరత్ సంగతి అందరూ వదిలేశారు.

తొమ్మిది రోజులు సోమక్క ఊరంతా గాలించింది. స్టేషన్, మార్కెట్ షెడ్లు, హన్మకొండ బస్టాండు, దవాఖానలో ప్రతి వార్డు. ఇంకెవతినో ఉంచుకున్నాడని వాడలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరోజు మా ల్యాబ్ ఊడుస్తూ ఊడుస్తూ చీపురుతోనే కూలబడింది.

"సచ్చిండంటె ఏడ్సి ఊకుందును బిడ్డా. ఈ ఊర్లెనే ఉండి నా మొఖం చూడబుద్ది గాలేదా?"

నేనేం చేశాను? మంచినీళ్లిచ్చాను.

పదో రోజు మా గైడ్ కిషన్ రావు సార్ ఢిల్లీ నుంచి తిరిగొచ్చారు. అసలు పోస్టులన్నీ ఆయన పాస్‌వర్డ్ కిందే ఉంటాయి. ప్రోగ్రామ్ సరిగ్గా చదివిందో లేదో చూడమని యాభై పోస్టులు తెరిచి ఇచ్చారు. వాటితోపాటు 212 కూడా కావాలని అడిగాను. ఒక్క ఫోన్ చేసి ఆ మాట తొమ్మిది రోజుల కిందటే అడగనందుకు నన్ను చెప్పుతో కొట్టాలి.

ఫొటోలో మొగిలి. భుజాన బ్యాగు, వెనక వరంగల్ స్టేషన్ బోర్డు, ముఖం నిండా నవ్వు. కింద ఒకే ఒక్క మాట: 'పోయొస్త.'

ప్రోగ్రామ్‌లో నేను రాసిన సూత్రం తెరిచాను. 'పోత' అని ఉంటే వెళ్లడం, 'వస్త' ఏ రూపంలో కనిపించినా తిరిగి రావడం. ప్రోగ్రామ్‌కు ఆ పాఠం చెప్పింది నేనే. పోయే మనిషి మా దగ్గర 'పోత' అంటాడా? అశుభం కదూ! గడప దాటే ప్రతివాళ్లూ 'పోయొస్త' అనే అంటారు. ఆ పొద్దున మా అమ్మతో నేనూ అదే మాట అని వచ్చాను.

మా జిల్లా నుంచి వెళ్లినవాళ్ల కంటే తిరిగొచ్చినవాళ్లే ఎక్కువని లెక్క తేలినప్పుడైనా నాకు అనుమానం రాలేదు. అసలు పోనివాళ్లు ఎట్లా తిరిగొస్తారు? దానికి 'సొంతూరి మమకారం' అని ఒక పేరా రాసి, సార్ మెప్పు కూడా పొందాను.

పరుగున కొత్తవాడ వెళ్లి కట్టయ్యకు చెప్పాను. అతను సూరత్‌లోని మనవాళ్లకు ఫోన్లు చేశాడు. మర్నాటికల్లా కబురొచ్చింది. బండి గుద్ది తలకు దెబ్బ తగిలి, తన పేరు కూడా చెప్పలేని మనిషి ఒకడు అక్కడో చిన్న దవాఖానలో మూడు వారాలు ఉన్నాడట. ఫొటో చూపిస్తే ఇతనే అన్నారట. ఎవరూ రాలేదు. నాలుగు రోజుల కిందట మంచం దిగి ఎటో వెళ్లిపోయాడట.

కట్టయ్య ఆ రోజే వెళ్లి ఉంటే మొగిలి మంచం మీదే దొరికేవాడు.

ఆ సాయంత్రం సోమక్క, కట్టయ్య నవజీవన్ ఎక్కారు. నేనూ స్టేషన్‌కు వెళ్లాను. కిటికీ ఊచలు పట్టుకుని జరిగిందంతా సోమక్కకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మనం మాట్లాడే మాట నీ కంప్యూటర్‌కు తెల్వదా బిడ్డా?" అంది.

"నేనే తప్పు నేర్పిన సోమక్కా. నా పాపమే."

మొగిలి చీటీ ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. దాన్ని నా చేతిలో పెట్టి వేళ్లు మూసింది. బండి కదిలింది.

"పోతాన, యమునమ్మా," అంది.

పక్కనున్న కట్టయ్య ఉలిక్కిపడ్డాడు. "వదినే, గట్లనొద్దు. పోయొస్త అను."

సోమక్క అనలేదు. నా ప్రోగ్రామ్ తప్పు చదవలేని మాట ఆ 'పోతాన' ఒక్కటే.